అయిదు తీగల పిల్లాడు

ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ల జీవితం రాయమని క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు, మన వైపు పేర్లకేం కొదవ అనుకున్నాను. గుడివాడ పక్కన చౌటపల్లిలో ఘంటసాల పుట్టారు. నిమ్మకూరులో ఎన్టీ రామారావు, బందరు దగ్గర భట్లపెనుమర్రులో పింగళి వెంకయ్య, దివిసీమ పెదకళ్లేపల్లిలో వేటూరి. కానీ వీళ్లందరి గురించీ సీనియర్లు ఎప్పుడో రాసేశారు. అందుకే నేను పక్క జిల్లా ఆయన్ని తీసుకున్నాను. పుట్టింది పాలకొల్లులో అయినా, జనం ముందు మొదటిసారి కచేరీ చేసింది మాత్రం మన గుడివాడలోనే. ఆయనే మాండలిన్ శ్రీనివాస్.

ముందే ఒక నిజం ఒప్పుకుంటాను. నేను ఆయన దగ్గరికి సంగీతం దారిలో వెళ్లలేదు. ఒక ఆంప్లిఫయర్ పరువు తీస్తే వెళ్లాను.

మా బాబాయి దగ్గర ఒక మాండలిన్ ఉంది. అవనిగడ్డ, చల్లపల్లి వైపు పెళ్లిళ్లలో, దసరా పందిళ్లలో ఆర్కెస్ట్రా ఉన్న రోజుల్లో ఆయన దాన్ని వాయించేవాడు. తర్వాత కీబోర్డు వచ్చింది. ఒక్క మనిషి, ఒక్క పెట్టె, అందులోనే వయొలిన్, ఫ్లూటు, మాండలిన్ అన్నీ. ఆర్కెస్ట్రా వాళ్లకి మిగతావాళ్లతో పనిలేకపోయింది. బాబాయి మాండలిన్ గోడకి ఎక్కింది. చిన్నప్పుడు నేను దాన్ని తాకితే తీగ చప్పుడుకన్నా దుమ్మే ఎక్కువ వచ్చేది.

సెకండియర్‌లో దాన్ని అడిగి హాస్టల్‌కి తెచ్చుకున్నాను. గిటార్ ఆంప్‌లూ పెడల్సూ ఇంట్లోనే చేసుకునే వాళ్ల వీడియోలు చూసి చూసి నాకూ చెయ్యి దురద పుట్టింది. పది, పదిహేను రూపాయలకి దొరికే పియెజో బిళ్ల ఒకటి మాండలిన్ పొట్టకి అతికించాను. ఎల్ఎం386 చిప్పు, 9 వోల్టుల బ్యాటరీ, పాత టీవీలోంచి పీకిన స్పీకరు. మోగింది! కానీ రేకు డబ్బాలో బఠాణీలు వేసి ఊపినట్టు మోగింది. ఎందుకో తర్వాత లెక్క కడితే తెలిసింది. పియెజో బిళ్ల అంటే సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్. ఎల్ఎం386 ఇన్‌పుట్ రెసిస్టెన్సు 50 కిలో ఓములు. రెండూ కలిస్తే హైపాస్ ఫిల్టరే కదా, కటాఫ్ 160 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే కింది స్వరాల కాళ్లు మనమే నరికేస్తున్నాం అన్నమాట. ముందు ఒక టీఎల్072 బఫర్ పెట్టి ఇన్‌పుట్‌ని 1 మెగా ఓము చేస్తే కటాఫ్ 8 హెర్ట్జ్‌కి దిగింది. శబ్దానికి ఒళ్లు వచ్చింది.

ఇక ధైర్యం వచ్చేసి టీడీఏ2030ఏతో పెద్ద ఆంప్ కట్టాను. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, రెండు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 12 అంగుళాల స్పీకరు. కల్చరల్ నైట్‌లో స్టేజి ఎక్కాను. వాల్యూమ్ సగం దాటించానో లేదో, ఊఁ అని ఒక కేక మొదలైంది. నేను తీగ ముట్టుకోలేదు. అదే పెరిగి పెరిగి హాలంతా నిండిపోయింది. స్పీకరు గాలిని కదిపింది, గాలి మాండలిన్ డొల్ల పొట్టని కదిపింది, పొట్ట బిళ్లని కదిపింది, బిళ్ల మళ్లీ స్పీకర్ని. బార్క్‌హాసెన్ క్రైటీరియన్ అని ఈడీసీ పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే, ఆ రాత్రి స్టేజి మీద నా ముందు నిలబడి అరిచింది. జనం నవ్వారు. దిగిపోయాను.

మాండలిన్ లాంటి దానికి ఆంప్ పెట్టి ఎవరైనా బాగుపడ్డారా అని ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికారు ఉప్పలపు శ్రీనివాస్.

ఆయన 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు సంగీతం తెలిసినవారు. ఇంట్లో మాండలిన్ ఉండేది. ఆరేళ్ల వయసులో పిల్లాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇందులో వింతేం లేదు, ఇంట్లో ఏది కనిపిస్తే పిల్లలు దాన్ని లాగుతారు. వింతేమిటంటే వీడు దాన్ని వదల్లేదు. తండ్రి గమనించి కొత్త మాండలిన్ కొనిచ్చి తనే నేర్పడం మొదలుపెట్టారు. వాసూరావు అనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లాణ్ణి చేరదీశారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. కర్ణాటక సంగీతానికి మాండలిన్ మీద ఒక పద్ధతంటూ అప్పటికి లేనే లేదు. మనకి ల్యాబులో మాన్యువల్ లేకుండా ఎక్స్‌పెరిమెంట్ ఇస్తే గోల చేస్తాం. ఆ పిల్లాడికి మాన్యువలే లేదు, గొంతు ఒక్కటే ఉంది. ఆ గొంతు ఎక్కడ వణికిందో, ఎక్కడ జారిందో, ఎక్కడ ఆగిందో అదంతా మెట్ల వాయిద్యం మీద రాబట్టాలి. ఆయన శైలి అంతా అక్కణ్ణుంచే పుట్టిందని నాకనిపిస్తుంది. వాయిద్యం ఏమివ్వగలదో దాన్ని వాయించలేదు. గొంతు ఏమిచ్చిందో దాన్ని వాయిద్యం చేత ఇప్పించాడు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు. అక్కడ ఈ పిల్లాడి మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు.

ఆ సంవత్సరం సంగతి మన దివిసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. వేల మంది పోయారు. మా నాయనమ్మ ఇప్పటికీ ఏ పెళ్లి గురించి చెప్పినా, ఏ పుట్టుక గురించి చెప్పినా ఉప్పెనకి ముందా తర్వాతా అనే చెబుతుంది. గుడివాడ కచేరీ ఉప్పెన తర్వాతది. ఈ రెండింటికీ ముడిపెట్టి కథ అల్లడం నా ఉద్దేశం కాదు. కానీ డెల్టా అంతా ఇంకా కోలుకుంటున్న ఏడాదిలోనూ త్యాగరాజుకి ఆరాధన జరిగిందని, అందులో పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఒక చిన్న పిల్లాడికి చోటు దొరికిందని తలుచుకుంటే, నాకు ఆ గుడివాడ మీద కొంచెం గౌరవం పెరిగింది.

ఆ చోటు తేలిగ్గా దొరికేదీ కాదు. ఈ ప్రాంతం సంగీతం తెలియని ప్రాంతం కాదు మరి. మొవ్వ క్షేత్రయ్యది. కూచిపూడి పక్కనే. త్యాగరాజ శిష్యపరంపరలోని సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారిది పెదకళ్లేపల్లి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారిది మన శ్రీకాకుళం, అంటే ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఆ పంతులు గారి శిష్యుడే మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇలాంటి నేల మీద, సినిమా పాటల్లో వినిపించే వాయిద్యం పట్టుకుని త్యాగరాజ కృతి వాయించడం అంటే మాటలా?

తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1981లో డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ. పన్నెండేళ్లు. మద్రాసు సభల్లో అనుమానపడినవాళ్లు ఉన్నారు. మాండలిన్ ఇటలీది, దానికి మెట్లున్నాయి, అందులో గమకం ఎలా పలుకుతుంది, పైగా కరెంటు వైరు కూడానా అని. ఆ అనుమానాన్ని నేను వెక్కిరించను. అది ఇంజనీరింగ్ పరంగా న్యాయమైన అనుమానమే. ఎందుకో చెబుతాను.

మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. ఒక్కో జతలో రెండూ ఒకే శ్రుతి. తీగ పొట్టి, గిటార్ తీగలో సగం కన్నా కాస్త ఎక్కువ. అందువల్ల మీటగానే ణంగ్ అని పలికి వెంటనే చచ్చిపోతుంది. అందుకే మాండలిన్ వాళ్లు మీటని గబగబా పైకీ కిందికీ ఆడిస్తూ స్వరాన్ని సాగదీస్తారు. సినిమా పాటల్లో వినిపించే ఆ వణుకు అదే. 'దిల్‌వాలే దుల్హనియా లేజాయేంగే'లో ఆవచేలో షారుక్ చేతిలో ఉన్నదీ మాండలినే.

కానీ గమకానికి అది చాలదు. గమకం అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లెక్కినట్టు కాకుండా జారినట్టు, ఊగినట్టు వెళ్లాలి. ఒక్కసారి మీటాక ఆ శబ్దం బతికుండగానే తీగని పక్కకి లాగాలి, లేదా వేలిని మెట్ల మీద జార్చాలి. శబ్దం అరసెకనులో చచ్చిపోతే దేన్ని ఊపుతాం? ఇంకో చిక్కు. జత తీగల్ని కలిపి లాగితే రెండూ సమానంగా సాగవు. ఒకటి 440 దగ్గరుంటే ఇంకొకటి 444కి పోతుంది. అప్పుడు సెకనుకి నాలుగు బీట్లు వినిపిస్తాయి. శ్రుతి తప్పింది అంటారే, అదే.

శ్రీనివాస్ చేసిన మార్పు ఈ రెండు చిక్కుల్నీ ఒక్కసారే విప్పింది. జతలు తీసేశారు. నాలుగు జతల బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగని ఎంత లాగినా తనతో తనే తగువు పడదు. అయిదో తీగతో స్థాయి విస్తరించింది. డొల్ల పొట్ట బదులు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. కర్ణాటక సంగీతంలో ఎలక్ట్రిక్ మాండలిన్ అనగానే మొదట చెప్పే పేరు ఆయనదే. అంతకు ముందే అమెరికాలో ఫెండర్ కంపెనీ 1956లో నాలుగు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ తెచ్చింది. కాబట్టి ఒంటి తీగ ఆలోచన ప్రపంచానికి కొత్త కాదు. దాన్ని గమకం కోసం మలచడం కొత్త.

గట్టి చెక్క ఎందుకు పనిచేస్తుందో మన భాషలో చూద్దాం. మీటినప్పుడు తీగలోకి వెళ్లే శక్తి ఇంతే అని ఒక లెక్క ఉంటుంది. డొల్ల వాయిద్యంలో పలచటి చెక్క ఆ శక్తిని లాక్కుని గాలిలోకి పంపేస్తుంది. శబ్దం పెద్దదిగా వస్తుంది, కాబట్టి త్వరగా అయిపోతుంది. పెద్దగా కావాలా, ఎక్కువసేపు కావాలా? రెండూ ఇవ్వడం దాని వల్ల కాదు. గట్టి చెక్క తీగ నుంచి ఏమంత లాక్కోదు. తీగ చాలాసేపు కదులుతూనే ఉంటుంది, కానీ పక్కవాడికి కూడా వినపడదు. ఆ చిన్న కదలికని అయస్కాంతం, తీగచుట్ట ఉన్న పికప్ చిన్న వోల్టేజీగా మారుస్తుంది. ఫారడే చెప్పిందే. పెద్ద శబ్దానికి కావలసిన శక్తి ఇక తీగ నుంచి కాదు, గోడలోని ప్లగ్గు నుంచి వస్తుంది. అంటే ఎంతసేపు అన్నది తీగ చూసుకుంటుంది, ఎంత పెద్దగా అన్నది ఆంప్ చూసుకుంటుంది. నా స్టేజి మీద మొదలైన కేక కూడా గట్టి చెక్కతో చాలావరకు పోతుంది. ఎందుకంటే స్పీకరు ఊపడానికి అక్కడ డొల్ల పొట్టే లేదు.

ఇది అర్థమైన రోజు నాకు ఒక పాత గొడవ తేలిపోయింది. కరెంటు పెడితే అది శుద్ధ సంగీతం కాదు అని మన దగ్గర ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కరెంటు గమకం వేయదు. వేలు వేసిన గమకం బతికుండే సమయాన్ని మాత్రం పెంచుతుంది. అంతేకాదు, వేలు తప్పు చేస్తే ఆ తప్పుని కూడా వెయ్యి మందికి వినిపిస్తుంది. ఆంప్ పెట్టుకున్నవాడికి దాక్కునే చోటు ఉండదు. పన్నెండేళ్ల పిల్లాడు మద్రాసులో ఆ వెలుగులో కూర్చున్నాడు, నిలబడ్డాడు. వయొలిన్ కూడా ఒకప్పుడు పరాయిదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని పట్టుకున్నాక మనదైంది.

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. పద్నాలుగేళ్లు. జాజ్ వినడానికి వచ్చినవాళ్ల ముందు కర్ణాటక సంగీతం వాయించి వాళ్లని కట్టిపడేశాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాల ప్రయాణం. 1995లో కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు. ఒక పక్క ఎలక్ట్రిక్ గిటార్, ఒక పక్క ఎలక్ట్రిక్ మాండలిన్. హెడ్‌ఫోన్స్‌తో వినండి, ఏది ఎవరిదో కొన్ని చోట్ల ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఒక్క గమకం రాగానే మాత్రం అనుమానం తీరిపోతుంది. 1998లో పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే. అన్నదమ్ములు కలిసి ఎన్నో కచేరీలు చేశారు.

ఆయన రికార్డింగులు వింటూ నా ఆంప్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టాను. మనలో గిటార్ వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేర్చుకున్నవి నాలుగు చెబుతాను.

మొదటిది, శుభ్రమైన శబ్దం కావాలంటే మిగులు ఉండాలి. నా ఆంప్‌లో సప్లై ప్లస్ మైనస్ 16 వోల్టులు. అవుట్‌పుట్ సుమారు 14 దాటలేదు. 8 ఓముల స్పీకర్లో అది 12 వాట్లు. మీట తగిలిన మొదటి క్షణంలో వచ్చే శిఖరం, తర్వాత సాగే స్వరం కన్నా ఎన్నో రెట్లు ఎత్తు. ఆ శిఖరం 14 వోల్టులు దాటితే ట్రాన్సిస్టర్ ఆంప్ కత్తితో కోసినట్టు కోసేస్తుంది. వాల్వు ఆంప్ అయితే కొంచెం మెత్తగా నలుపుతుంది. రాక్ వాళ్లకి వాల్వులంటే ప్రాణం అందుకే. మనకి కోతే వద్దు కాబట్టి సాలిడ్‌స్టేటే మేలు. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 ఇప్పటికీ నడుస్తోందంటే దాని శుభ్రమైన శబ్దం వల్లే.

రెండోది, వాట్లు చూసి మోసపోకండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల పవర్ కావాలి. అదే 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరు బదులు 97 ఉన్నది పెడితే, ఆంప్ ముట్టుకోకుండానే దాదాపు అంత పని అయిపోతుంది. డబ్బు స్పీకరు మీద పెట్టండి.

మూడోది హమ్. నా ఆంప్‌లో 100 హెర్ట్జ్ గుయ్ మనేది. కెపాసిటర్లు పెంచాను, తగ్గలేదు. తప్పు నాదే. ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్‌ని, కెపాసిటర్లు చార్జ్ అయ్యే కరెంటు పారే తీగ మధ్యలో కలిపాను. ఆ కరెంటు వల్ల తీగలో పుట్టే కొద్దిపాటి వోల్టేజీ సిగ్నల్లో కలిసిపోతోంది. అన్ని గ్రౌండ్‌లనీ ఒక్క చుక్క దగ్గరికి తెచ్చి కట్టాక నిశ్శబ్దం వచ్చింది. కాలవ మధ్యలో గండి పెట్టుకుని పొలంలోకి నీళ్లొచ్చాయని ఏడిస్తే ఎలా?

నాలుగోది పెడల్స్. ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఫజ్ పెడల్ చేసి మురిసిపోయాను. మాయామాళవగౌళ వాయిస్తుంటే రాగంలో లేని స్వరం ఏదో వినిపిస్తోంది. పిచ్చెక్కింది. కాగితం తీశాను. సా 200 హెర్ట్జ్ అనుకుంటే గాంధారం 250. సా తీగ ఇంకా మోగుతుండగా గాంధారం మీటితే, పైభాగాన్నీ కిందిభాగాన్నీ వేరువేరుగా కోసే ఫజ్ రెండింటినీ కూడి 450 పుట్టిస్తుంది. 450 అంటే పై స్థాయిలో చతుశ్రుతి రిషభం. మాయామాళవగౌళలో ఉండాల్సింది శుద్ధ రిషభం. నేను వాయించని అపస్వరాన్ని నా పెడల్ వాయిస్తోంది! గిటార్‌లో పవర్ కార్డులకి అదే ఫజ్ బ్రహ్మాండంగా ఉంటుంది. సా, పా కలిస్తే వచ్చే 100, 500 రెండూ వాటితో పొందికగానే కూర్చుంటాయి. పెడల్‌లో మంచీ చెడూ లేదు. ఏ పాటకి అన్నదే లెక్క. నేను ఫజ్ పక్కన పెట్టి చిటికెడు రివర్బ్ మాత్రం ఉంచుకున్నాను.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో పోయారు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులు. నలభై అయిదేళ్లు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. గుడివాడలో కచేరీ చేసినప్పుడు ఆయన వయసు అంతే. ఆ రోజు మా ఇంట్లో టీవీలో వార్త వచ్చిందట, బాబాయి అన్నం ముందు నుంచి లేచిపోయాడట. అమ్మ ఈ మధ్యనే చెప్పింది. నాకైతే ఏమీ గుర్తులేదు.

పోయిన సంక్రాంతికి ఆంప్ పట్టుకుని ఇంటికి వెళ్లాను. బాబాయిని అడక్కుండానే ఆయన మాండలిన్ మీద జతకి ఒక్కో తీగ తీసేసి, నాలుగు ఒంటి తీగలు మిగిల్చాను. డొల్లకి నురుగు స్పాంజి కుక్కి, స్పీకరుని ముందుకు జరిపి కేక రాకుండా చూసుకున్నాను. బాబాయి చేతికిచ్చాను. చాలాసేపు ఊరికే పట్టుకున్నాడు. తర్వాత ఒక్క స్వరం మీటి పక్కకి లాగాడు. అది లేచి, ఊగి, నెమ్మదిగా దిగింది. ఇంకోసారి లాగాడు. వంటింట్లోంచి పిన్ని బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

నేను గెలిచాననుకున్నాను. కాసేపయ్యాక బాబాయి తీసేసిన తీగలు ఎక్కడ పెట్టావురా అని అడిగాడు. మళ్లీ వేయమన్నాడు. ఆయన చేతిలో ఉన్నవి పాత సినిమా పాటలు. వాటికి ఆ జత తీగల వణుకే కావాలి. ఒంటి తీగ మీద అవి ఆయనకి పరాయిగా వినిపించాయి. కొంచెం బాధేసింది. కానీ ఆలోచిస్తే ఆయన చెప్పిందీ అదే లెక్క, ఫజ్ పెడల్ నాకు నేర్పిందే. ఏ పాటకి అన్నదే. శ్రీనివాస్ తీగలు తీసేసింది తన గురువు పాడిన పాట కోసం. తీగలు తియ్యడం గొప్ప అని కాదు.

ఎనిమిది తీగలూ వేసి శ్రుతి చేసి ఇచ్చాను. ఆంప్ కూడా అక్కడే వదిలేసి వచ్చాను. సాయంత్రాలు వాయిస్తున్నాడని పిన్ని ఫోన్లో చెప్పింది. ఏ పెట్టె వల్ల మాండలిన్ గోడకెక్కిందో అలాంటి కరెంటు పెట్టె ఇంకొకటి దాన్ని దింపింది. నేను ఇందులో నీతి ఏమీ వెతకదలుచుకోలేదు.

నా కోసం చల్లపల్లిలో వడ్రంగి దగ్గర టేకు చెక్క కోయించాను. అయిదు తీగలకి. మెట్ల లెక్క నేనే వేశాను, ఒక్కో మెట్టుకీ మిగిలిన పొడవులో 17.817వ వంతు తగ్గిస్తూ. రెండు మెట్లు వంకరగా పడ్డాయి, మళ్లీ పీకాలి. పికప్ చుట్టడానికి సన్న తీగ ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే చెప్పండి. హాస్టల్లో పైనుంచి రెండో అంతస్తు, సాల్డరింగ్ వాసన వచ్చే గది నాదే.